ఆ వాగుకి దారి గీసింది నేనే

చేపని పట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేయడానికి మనిషి దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి వెళ్ళాలా? ఈ మాట నన్ను చాలామంది అడిగారు. అందరికంటే ముందు అడిగినవాణ్ణి నేనే. ఇప్పుడు ఎవరైనా నవ్వుతూ అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. మండిపడే హక్కు నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో మేము న్యూజెర్సీలోని పిస్కాటవేలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆవిడ నర్సు. ఆవిడ వీసా పుణ్యమా అని వచ్చినవాణ్ణి నేను. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, భీమవరంలో రైసుమిల్లుల మరమ్మతులు చేసే షెడ్డులో లేతు పని నేర్చుకున్నాను. ఇంగ్లీషు, లెక్కలు, డ్రాయింగు అన్నీ పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే చెప్పుకున్న చదువు. అక్కడే ఒక చిన్న మెషీన్ షాపులో నా ఉద్యోగం. మా చుట్టూ ఉన్న తెలుగువాళ్ళంతా డాక్టర్లు, ఇంజనీర్లు. వాళ్ళ ఇళ్ళలో పార్టీలకి వెళితే మా ఆవిణ్ణి కూర్చోబెట్టి మాట్లాడేవారు. నన్ను మాత్రం "ఏమయ్యా, షాపు ఎలా ఉంది?" అని అడిగి, జవాబు వినకుండానే అటు తిరిగేవారు.

ఒక్క విషయంలో నా అవసరం పడేది వాళ్ళకి. దారి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఏ ఎగ్జిట్ తీసుకోవాలో, కరివేపాకు దొరికే కొట్టు ఏ సిగ్నల్ దాటాక వస్తుందో కాగితం మీద గీసిచ్చి పంపడం ఆ రోజుల్లో మనవాళ్ళకి ఒక ఆచారం. తెలిసిన సంగతి ఎవరూ దాచుకునేవారు కాదు. అలాగే నిలదొక్కుకున్నాం అందరమూ. నేను గీస్తే స్కేలు తప్పేది కాదు. ఏ మలుపు దగ్గర ఏ పెట్రోలు బంకు ఉందో, వంతెన దాటాక ఎన్ని మైళ్ళో, పక్కనే తెలుగులో రాసిచ్చేవాణ్ణి. "ఆయన మ్యాప్ ఉంటే కళ్ళు మూసుకుని డ్రైవ్ చేయొచ్చు" అనేవారు. ఆ మాటకి నేను పొంగిపోయేవాణ్ణి.

మా షాపు యజమాని ప్రతి వేసవిలో మోంటానాలో ఒక చేపల లాడ్జికి వెళ్ళేవాడు. ఒక ఏడాది నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడు. బుక్ చేసుకున్న వారం పాడైపోతుందని నన్ను పిలిచాడు. "గోదావరి పక్కవాణ్ణని చెబుతుంటావుగా, నువ్వు వెళ్ళు" అన్నాడు. వెళ్ళాను.

లాడ్జి అంటే నది ఒడ్డున దుంగలతో కట్టిన ఆరేడు గదులు, మధ్యలో ఒక భోజనశాల. వచ్చినవాళ్ళు పళ్ళ డాక్టర్లు, లాయర్లు. ఒక్కొక్కరికి ఒక గైడు. నాకు దొరికిన గైడు నలభై ఏళ్ళవాడు, మాట తక్కువ మనిషి. నీళ్ళలో దిగడానికి ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడిగించి, చేతిలో గాలపు కర్ర పెట్టాడు. ఈ ఆటలో ఎర అంటే వానపాము కాదు. చిన్న గాలానికి కోడి ఈకలు చుట్టి, నీటిమీద వాలిన పురుగులా చేస్తారు. దాన్ని ఫ్లై అంటారు. దానికి బరువుండదు కాబట్టి తాడు బరువుతోనే విసరాలి. నేను విసిరినప్పుడల్లా అది వెనకున్న చెట్టుకే తగులుకునేది.

"ఆ కొమ్మ మీద చేపలు తక్కువ. ఇటువైపు విసిరి చూడు" అనేవాడు గైడు, నవ్వకుండా.

రెండో రోజున మొదటి ట్రౌట్ చేప పడింది. మా కాలవ గట్టు అలవాటు కొద్దీ దాని తల రాతికేసి కొట్టబోయాను. గైడు నా మణికట్టు పట్టుకున్నాడు. చేయి తడుపుకుని, చేప నోట్లోంచి గాలం తీసి, ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని వదిలేశాడు. నాకు కోపం వచ్చింది.

"ఇది ఆకలి లేనివాళ్ళ ఆట. తినేటట్టయితే పట్టాలి. ఏడిపించి వదలడమేమిటి?" అన్నాను.

"నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ వదిలితే వచ్చే ఏడు ఇంకొకరికి పడుతుంది. చంపితే నీ ఒక్కడికే" అన్నాడు.

అప్పుడు నేను ఒప్పుకున్నానని మాత్రం చెప్పను.

ఆ సాయంత్రం గైడు నన్ను వాళ్ళ తమ్ముడి ఇంటికి తీసుకెళ్ళాడు. తమ్ముడు ఈకల కోసమే పుంజుల్ని పెంచుతాడు. వరసగా గూళ్ళు, ఒక్కో గూట్లో ఒక్కో పుంజు. వాటిని చూశాక నేను మోంటానాలో ఉన్నానన్న సంగతే మర్చిపోయాను. మా వైపు పుంజు రంగు చూసి పేరు చెప్పలేనివాణ్ణి మనిషిగా లెక్కకట్టరు. ఇది డేగ, ఇది కాకి, అదిగో ఆ బూడిదరంగుది మైల, మెడ మీద పసుపు తిరిగింది నెమలి అని చెప్పుకుంటూ పోయాను. తమ్ముడు గలగలా నవ్వే మనిషి. లోపలికి పరిగెత్తి ఈకలు దాచుకునే కవర్లన్నీ తెచ్చి నా ముందు పోశాడు. "రాయి, రాయి. మీ భాషలోనే రాయి" అన్నాడు. ఒక్కో కవరు మీదా తెలుగులో పేరు రాశాను. ఆ అక్షరాలు చూసి, "ఇది రాతా? నేను పురితాడు చిక్కు పడిందనుకున్నానే" అని నవ్వాడు. ఆ రాత్రి భోజనం ముగ్గురం కలిసి అక్కడే చేశాం. ఏం చదువుకున్నావని ఇద్దరిలో ఒక్కరూ నన్ను అడగలేదు.

ఐదో రోజు గైడు నదికి వెళ్ళకుండా జీపుని మట్టిరోడ్డు మీదికి తిప్పాడు. పాత గొర్రెల దొడ్డి దగ్గర ఆపి, అరగంట నడిపించాడు. విల్లో పొదల వెనక ఒక వాగు. రెండంగల్లో దాటేయొచ్చు. నీళ్ళెంత తేటగా ఉన్నాయంటే, చేపలకంటే ముందు అడుగున వాటి నీడలు కనబడ్డాయి. గొంతు కింద ఎర్రటి గీత ఉన్న ట్రౌట్‌లవి. పెంచి తెచ్చి వదిలినవి కావు, ఆ నీళ్ళలోనే పుట్టి ఆ నీళ్ళలోనే పెరిగిన జాతి.

"చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ కనిపెట్టాం దీన్ని. మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. లాడ్జివాళ్ళక్కూడా చెప్పలేదు. నలుగురు వచ్చారంటే వారంలో ఖాళీ అయిపోతుంది" అన్నాడు.

"మరి నాకెందుకు చూపించావు?"

"ఈక చూసి పుంజుని చెప్పావు. నీకు చూపించాలనిపించింది. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పొద్దు."

చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. ఆరోజు నాకు జానెడు పైన ఉన్న చేప పడింది. గైడు ఫోటో తీశాడు. వదిలేశాను. అది నా వేళ్ళ మధ్యలోంచి జారిపోతుంటే, అతను చెప్పిన ముక్కలో ఏదో ఉందని మొదటిసారి అనిపించింది.

ఆ చలికాలం ఒక గుండె డాక్టరుగారి ఇంట్లో పార్టీ. మగవాళ్ళంతా బేస్‌మెంట్‌లో పేకాటలో ఉన్నారు. ఫోటో నా జేబులో ఉంది. తీయకుండా ఉండలేకపోయాను.

"అబ్బో, ఇది నువ్వే పట్టావా? పులుసు పెట్టించావా?" అన్నాడు గుండె డాక్టరు.

"లేదండీ, వదిలేశాను."

బల్ల చుట్టూ నవ్వులు. "ప్లేన్ ఎక్కి వెళ్ళి, పట్టి, హలో చెప్పి వదిలేశాడట!" అన్నాడొకాయన. "పట్టాడో, లాడ్జి గోడ మీది బొమ్మ చేప దించి ఫోటో తీయించుకున్నాడో" అన్నాడు ఇంకొకాయన. మళ్ళీ నవ్వులు.

"గోడ మీది చేపా! ఆ వాగులో చేయి పెడితే తగులుతాయి చేపలు. మీలో ఒక్కరికీ తెలియని చోటది" అన్నాను.

గుండె డాక్టరు పేక కింద పెట్టాడు. జరిగి, తన పక్కన కుర్చీ చూపించాడు. "కూర్చోవయ్యా. మేం సమ్మర్‌లో పిల్లలతో ఎల్లోస్టోన్ ప్లాన్ చేస్తున్నాం. అక్కడికి దగ్గరేనా? నీ స్టైల్లో ఒక మ్యాప్ గీసివ్వు" అన్నాడు. మందుల కంపెనీ పేరున్న ప్యాడు, పెన్నూ నా ముందుకి తోశాడు. ఆ బల్ల దగ్గర నాకు ఎవరైనా కుర్చీ వేయడం అదే మొదటిసారి.

గీశాను. హైవే నుంచి మట్టిరోడ్డుకి ఎన్ని మైళ్ళో, గొర్రెల దొడ్డి ఎక్కడో, అక్కణ్ణుంచి ఎటు నడవాలో అంతా తెలుగులో రాశాను. అందరూ నా భుజం మీదుగా తొంగి చూస్తుంటే నా చేయి ఇంకా చక్కగా తిరిగింది. మాట గుర్తులేక కాదు. గుర్తుంది. గీస్తూనే ఉన్నాను.

మరుసటి వేసవిలో మూడు కుటుంబాలు మూడు కార్లలో వెళ్ళాయి. ఒకాయన ఇండియా నుంచి తెప్పించుకున్న విసురువల డిక్కీలో పెట్టుకెళ్ళాడట. ఆగస్టులో నీళ్ళు తగ్గి, చేపలన్నీ నాలుగు మడుగుల్లో చేరి ఉంటాయి. అక్కడ వల విసిరితే ఇంకేం మిగులుతుంది? పట్టినవన్నీ ఐసుపెట్టెల్లో వేసి, దారిపొడుగునా ఐసు మారుస్తూ న్యూజెర్సీ దాకా తెచ్చారు. తెచ్చి, మమ్మల్ని భోజనానికి పిలిచారు.

"నీ వాగు చేపేనయ్యా. నీ మ్యాప్‌కి దండం పెట్టాలి, ఎక్కడా ఒక్క మలుపు మిస్ కాలేదు" అంటూ గుండె డాక్టరే స్వయంగా వడ్డించాడు. చదువుకున్నవాళ్ళు! పుస్తకాలు, పట్టాలు, ఇంటి నిండా ఫ్రేములు! ఒక వాగుని ఊడ్చేయకూడదని ఒక్కడికీ తోచలేదా అని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను వాళ్ళని. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పారు. మాట ఇచ్చినవాణ్ణి నేను. పులుసు తిన్నాను. బాగుంది. రెండోసారి వేయించుకున్నాను కూడా.

ఆ పై ఏడాది మా యజమానికి నడుం బాగుపడి, తోడు రమ్మని నన్నూ లాడ్జికి తీసుకెళ్ళాడు. మొదటిరోజు పడవలో గైడే ఎత్తాడు ఆ సంగతి.

"వాగు పోయింది. ఎవరో వలేసి పట్టారు. గట్టంతా చెత్త. ఇప్పుడు వేలెడంత పిల్లలు రెండో మూడో కనబడుతున్నాయి, అంతే."

చిక్కుపడని తాడుకి నేను చిక్కు తీయడం మొదలుపెట్టాను.

"నువ్వు ఎక్కడో రెండు వేల మైళ్ళ దూరంలో ఉంటావు, పైగా మాటిచ్చావు. ఇంక మిగిలింది మా తమ్ముడు. బార్‌లో కూర్చుంటే వాడి నోరు ఆగదు. నేను కాదంటాడు. ఏడాదిగా వాడితో మాటల్లేవు" అన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. తెడ్డు చప్పుడు వింటూ కూర్చున్నాను. డిగ్రీ అడగకుండా నన్ను మనిషిగా చూసినవాళ్ళు ఈ దేశంలో అతనూ, తమ్ముడూ ఇద్దరే. నిజం చెబితే ఆ చూపు పోతుంది. నేను దాచుకున్నది ఆ చూపుని.

మూడోరోజు నేనొక్కణ్ణే తమ్ముడి ఇంటికి నడిచివెళ్ళాను. గూళ్ళు సగం ఖాళీ. అన్న ఈకలు కొనడం మానేశాడు మరి. తమ్ముడు నన్ను చూసి నవ్వలేదు. లోపలికెళ్ళి ఒక కాగితం, ఒక ఈకల కవరు తెచ్చి బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు. కాగితం మందుల కంపెనీ ప్యాడుది. నీళ్ళకి తడిసి ఎండింది. కవరు మీద 'మైల' అని నా రాత. కాగితం మీదా అదే రాత.

"పోయిన నెల విల్లో పొదలో, వాళ్ళు పారేసిన ప్లాస్టిక్ సంచిలో దొరికింది. మీ భాష చదవడం రాదుగానీ, రాత గుర్తుపట్టగలను" అన్నాడు.

నేను తల దించుకున్నాను.

"దీన్ని పట్టుకెళ్ళి అన్నయ్య మొహాన కొట్టొచ్చు. కానీ నీ నోటితో నువ్వు చెబితే బాగుంటుంది. చెబుతావా?"

"చెబుతాను."

"అయితే ఇది నువ్వే పట్టుకెళ్ళు. వాడికి నీ చేత్తో ఇవ్వు." కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. తన దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం అది. నమ్మి ఇచ్చాడు. ఆ అన్నదమ్ములిద్దరిదీ ఒకటే జబ్బు.

తర్వాత మూడు రోజులు గైడుతో పడవలో ఉన్నాను. కాగితం నా చొక్కా జేబులోనే ఉంది. చివరి రోజు విమానాశ్రయం దగ్గర చెయ్యి కలిపినప్పుడు కూడా జేబులోనే ఉంది. దాంతోనే పిస్కాటవేకి వచ్చేశాను.

ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ గైడు నుంచి ఒక కవరు వచ్చేది. లోపల తను చుట్టిన ఫ్లై ఒకటి, రెండు వాక్యాలు. మొదటిది చూడగానే తెలిసింది, అది పుంజు మీద పుట్టిన రంగు కాదు. కొట్లో కొన్న ఈకకి అద్దకం వేసింది. ఏటా అలాంటివే, తమ్ముడి పుంజులవి కావు. నేను ఏటా థాంక్స్ రాసేవాణ్ణి. ఎనభైలు సగం దాటాక వచ్చిన కవరులో, "మా తమ్ముడు పుంజుల్ని అమ్మేసి అలాస్కా వెళ్ళిపోయాడని విన్నాను" అని ఉంది. విన్నాడట. సొంత తమ్ముడి సంగతి ఎవరో చెబితే విన్నాడు.

ఆ రోజు కూర్చుని నాలుగు పేజీలు రాశాను. పేకాట బల్ల, కుర్చీ, మ్యాప్, పులుసు, రెండోసారి వేయించుకోవడం, తమ్ముడు కాగితం ఇవ్వడం, నేను ఇవ్వకపోవడం, ఏదీ వదల్లేదు. కాగితం కూడా అందులో పెట్టి పోస్టు చేశాను.

నెలకి జవాబు వచ్చింది. మూడే వాక్యాలు. "కాగితం అందింది. బాగా గీశావు. తమ్ముడి అడ్రసు నా దగ్గర లేదు, కనుక్కుంటున్నాను."

ఆ డిసెంబరులో కవరు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. ఎందుకు రావాలి?

అడ్రసు దొరికిందో లేదో నాకు తెలియదు. ఉత్తరం రాసి అడగాలని ఎన్నోసార్లు కాగితం ముందేసుకున్నాను. అడగడానికి నాకేం మొహం ఉంది? దారి గీసిమ్మని తర్వాత కూడా జనం వచ్చేవారు. కళ్ళు ఆనడం లేదని చెప్పి పంపేసేవాణ్ణి. అదీ అబద్ధమే.