తెల్ల నెత్తురు చేపకు ఎర్ర చేప పేరు

చదువు తక్కువని మనిషి నోరు మూయించేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

నేను సిరిసిల్లలో పవర్‌లూం నడుపుతాను. మొన్న కరీంనగర్‌లో ఒక కాలేజీ సైన్సు ప్రదర్శనలో, రెండు సముద్రపు చేపల జన్యువులను పోల్చిన పటం చూశాను. వాటిలో ఒకటైన మంచు సముద్రపు చేపకు నెత్తురును ఎర్రగా ఉంచే జన్యువు లేదని, దాని నెత్తురు తెల్లగా ఉంటుందని అంతకు ముందే మా ఊరి లైబ్రరీలో చదివాను. పటంలో ఆ జన్యువు లేని ఖాళీ మామూలు చేప పేరు కింద ఉంది. రెండు బట్టలు పక్కపక్కన పరిచి, లేని పోగును పట్టుకోవడం నాకు రోజూ ఉండే పనే.

"సార్, పేర్ల చీటీలు తారుమారైనయి," అన్నాను.

"ఎంత దాక చదివినవ్?" అన్నాడు లెక్చరర్.

"ఏడో తరగతి, సార్."

"సముద్రం ఎన్నడన్న చూసినవా? పోయి నీ మగ్గం చూస్కో, పో!"

పిల్లలంతా నవ్వారు. నా చెవులు కాలిపోయాయి.

ప్రదర్శనకు వచ్చిన మా లైబ్రేరియన్ రహీమా గారు, "జర ఆగుండ్రి," అని కాలేజీ లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చారు. స్రవంతి అనే విద్యార్థిని అందులో ఆ చేప గురించిన పేజీ గట్టిగా చదివింది. లెక్చరర్ చీటీలు పీకి, మార్చి అంటించాడు. నా వైపు చూడనైనా లేదు.

తప్పు ఎవరైనా చేస్తారు. చూపించినవాణ్ణి తరగతి అడగడమేమిటి?

రహీమా గారికి, స్రవంతికి, ఆ రోజు నా మగ్గం కూడా నడిపిన రాజేశానికి కృతజ్ఞతలు. చీటీలు సరిచేసిన ఆ చేతులకూ కృతజ్ఞతలే. ఆ నోటికి మాత్రం కాదు.