ఖాళీగా వదిలిన గడి

మా అక్క చివరగా చేసిన మామూలు పని, ఒక పని తాను చేయలేదని రాసి పెట్టడం.

ఆసుపత్రి కింది అంతస్తులో, బయటినుంచి వచ్చే రోగులకు కట్లు మార్చే గది ఒకటుంది. ఒక బల్ల, చక్రాల ట్రే, కారుతూ ఉండే కుళాయి, తలుపు పక్కన దారానికి వేలాడే రిజిస్టరు. ఆ సాయంత్రం డ్యూటీ దిగేముందు అక్క అందులో ఆఖరి వరుస రాసింది. "ఎడమ పాదం కట్టు మార్చలేదు. ఆవిరిలో శుద్ధి చేసిన గుడ్డలు అయిపోయాయి. రేపు మొదట ఈయనకే." ఆ పాదం చెప్పులు కుట్టే ఒక పెద్దాయనది. రాసి, కలానికి మూత పెట్టి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, ఛాతీలో ఏదో బరువుగా ఉందని బావతో చెప్పి కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. యాభై నాలుగేళ్లు.

ఎనిమిదింటికి చెప్పుల పెద్దాయన వచ్చి బల్ల మీద కూర్చున్నాడట. ఆ పూట అక్క బదులు వచ్చిన నర్సు రిజిస్టరు చదివి, ముందు ఆయన కట్టు మార్చి, తర్వాత ఏడ్చిందట.

నాకన్నా అక్క తొమ్మిదేళ్లు పెద్దది. అమ్మ కుట్టుపనికి పోతే నన్ను స్కూలుకు తయారుచేసింది అక్కే. ఉతికిన బట్టల దొంతరలోంచి నేనెప్పుడూ పైన ఉన్నదే లాగేవాణ్ని. మంచి చొక్కా కింద ఉన్నా, చిరిగిన చొక్కా తొడుక్కుని పోయేవాణ్ని. "అడుగున బంగారం దాచినా వీడికి దొరకదు. వీడికి పైది దొరికితే చాలు" అని నవ్వేది. నవ్వుతూనే, పరీక్షల రోజున ఇస్త్రీ చొక్కా తీసి దొంతర పైన పెట్టేది.

తర్వాత తను నర్సు అయింది. పదకొండేళ్లు ఎముకల వార్డుకు ఇన్‌ఛార్జిగా ఉంది. అదే ఆసుపత్రిలో, రెండంతస్తుల పైన, రికార్డుల గదిలో నేను గుమాస్తాను. డ్యూటీలో ఉన్నంతసేపూ నన్ను ఒక్కసారి కూడా తమ్ముడూ అని పిలవలేదు. "రికార్డు వాళ్లు" అనేది. గేటు దాటాకే "ఒరేయ్" అయ్యేవాణ్ని.

ఎముకల వార్డులో పడుకున్నవాడు తనంతట తాను కదల్లేడు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే వీపు మీద, తుంటి మీద చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. అందుకని ప్రతి మంచానికీ ఒక పొజిషన్ చార్టు. రెండు గంటలకొక గడి. తిప్పినప్పుడు టిక్కు పెట్టి సంతకం చేయాలి. అక్క వార్డులో మాత్రం ఇంకో నియమం ఉండేది. తిప్పలేకపోతే గడి ఖాళీగా వదిలి, పక్కన ఎందుకో రాయాలి. వైటునరు సీసా కనిపిస్తే కిటికీలోంచి విసిరేసేది. వార్డుబాయిలు ఆమె లేనప్పుడు "రబ్బరు లేని సిస్టర్" అనుకునేవాళ్లు. నర్సులకు మాత్రం పెద్దక్క.

ఇంట్లోనూ అంతే. బావ బస్సు కండక్టరు, నోరు ఊరుకోదు. "కూరలో ఉప్పు వేశావా అంటే, ‘గుర్తులేదు, రుచి చూసి చెప్తా’ అంటుందిరా మీ అక్క! వేశానని ఒక్క ముక్క అబద్ధం చెప్తే నా ఆకలి నేను చూసుకోనూ?" అనేవాడు. అక్క గరిటె నాకి, "వేయలేదు" అనేది.

పై వార్డునుంచి ఎముకల వార్డుకు మారి వచ్చిన ఒక నర్సు ఉంది. లావుపాటి కళ్లజోడు. తన మొదటి రోజు సంగతి తనే నాకు చాలాసార్లు చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి పెద్దక్క రౌండు వచ్చి, తుంటి విరిగిన లారీ డ్రైవరు చార్టు చూసిందట. రెండింటి గడిలో టిక్కు ఉంది.

"ఏం డ్రైవరు గారూ, రెండింటికి ఎటు తిప్పారు మిమ్మల్ని?"

"నన్నా? పొద్దుట్నుంచీ ఈ గోడనే చూస్తున్నా సిస్టర్. దీనికి ఎన్ని పగుళ్లున్నాయో చెప్పమంటారా?"

ఆ టిక్కు కళ్లజోడు నర్సుది. అక్క ఆమెవైపు చూడకుండానే స్లీవులు పైకి మడిచి, "పదమ్మా, ముందు ఈయనకి ఇంకో గోడ చూపిద్దాం" అంది. ఇద్దరూ కలిసి తిప్పారు. నడుము కింద చర్మం అప్పటికే ఎర్రబడి ఉంది. అక్క దానిమీద వేలు ఆనించి చూసి, దుప్పటి సర్ది, అప్పుడు అంది.

"ఆ టిక్కు కొట్టెయ్. ఒక్కటే గీత. కింద ఏముందో కనపడాలి. సంతకం పెట్టు."

"మెమో ఇస్తారా మేడం?"

"దేనికి? తిప్పనందుకా? ఇవ్వను. తిప్పానని పెట్టినందుకా? ఈ ఒక్కసారికి ఇవ్వను. ఎందుకు కుదర్లేదో చెప్పు."

"ఆయన తొంభై కిలోలు మేడం. ఆయా అన్నానికి వెళ్లింది. నేనొక్కదాన్నే..."

"చూశావా! ఈ ముక్క గడి పక్కన రాసుంటే, రెండింటికి ఇక్కడ మనిషి చాలడం లేదని నాకు తెలిసేది. నువ్వు టిక్కు పెడితే నాకేం తెలుస్తుంది? అంతా బాగుందనుకుని నేను అన్నం తింటుంటాను, ఆయన వీపు ఊడుతుంటుంది."

మర్నాటినుంచి అక్క తన భోజనం మూడింటికి మార్చుకుంది. రెండింటికి తనే వచ్చి డ్రైవరు మంచం దగ్గర నిలబడేది. డ్రైవరు లేచి నడిచి ఇంటికి పోయాడు. అక్క భోజనం మాత్రం మూడింటికే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆసుపత్రికి కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. అందరికన్నా ముందు వచ్చి అందరికన్నా వెనక వెళ్లేవాడు. కాకపోతే ఆయన వార్డుల్లోకి దిగడం నేను రెండుసార్లే చూశాను. వార్డులే కాగితాలై ఆయన గదిలోకి ఎక్కాలి. ఏ వార్డు చార్టులు ఎంత నిండుగా ఉన్నాయో నెలనెలా నూటికి ఇంత అని తేల్చమని నాకు పని అప్పగించాడు. మూడు నెలల్లో నా ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. నేను కళ్లు మండేలా లెక్కపెట్టాను. పై వార్డుకు వంద. అక్క వార్డుకు ఎనభై ఒకటి. అన్ని వార్డుల్లోకీ అదే అడుగు.

ఎవరికి పడకపుండ్లు పడ్డాయో రాసే రిజిస్టరు కూడా నా బీరువాలోనే ఉంది. ఆ ఏడాది అక్క వార్డులో ఇద్దరికి. పై వార్డులో పదిహేడు మందికి. ఆ రిజిస్టరు తెమ్మని మేనేజరు అడగలేదు. అడగలేదు కాబట్టి నేను తీయలేదు.

ఆ వేసవి మా గదిలో ఫ్యాను కాలిపోయి ఉండేది. నాలుగు నెలలు ఎవరూ బాగుచేయలేదు. ఒకరోజు అక్క ఏదో సంతకానికి వచ్చి, "ఇక్కడ కాగితం కూడా కదలదేంట్రా, నువ్వెలా కూర్చుంటున్నావు!" అంది. ఆసుపత్రిలో ఆమె నోట నేను విన్న ఒకే ఒక్క ‘రా’ అది. మందుల డబ్బా అట్ట చింపి, విసురుకోమని బల్ల మీద పడేసి పోయింది.

ఆ వారమే, మీటింగుకు రెండు రోజుల ముందు, పొద్దున నేను వచ్చేసరికి పై వార్డు కట్ట మీద ఒక చార్టు విడిగా ఉంది. రోజూ లాగే పైనుంచి మొదలుపెట్టాను. కింద ఒక వార, "ఉదయం పది గంటలకు ఎముకల వార్డుకు పంపడమైనది" అని రాసి ఉంది. పన్నెండింటి గడిలో టిక్కు. రెండు, నాలుగు, ఆరు గడుల్లోనూ టిక్కు, సంతకం. పదింటికే కిందికి వెళ్లిపోయిన మనిషిని సాయంత్రం ఆరుదాకా పై వార్డులో తిప్పుతూనే ఉన్నారు.

చాలాసేపు చూశాను. ఇది మేనేజరు ముందు పెడితే వంద అన్నది ఏపాటిదో తేలిపోతుంది. ఎనభై ఒకటి ఏమిటో కూడా తేలుతుంది. అలా పెడితే అక్క కోసం చేశాడంటారు అనుకున్నాను. అది నేను నాకు చెప్పుకున్న మాట. అసలు మాట నా ఉద్యోగం. చార్టును సొరుగులో అడుగున పెట్టి తాళం వేశాను.

మీటింగులో ఇన్‌ఛార్జి సిస్టర్లంతా ఉన్నారు.

"సిస్టర్, మీ వార్డులో నూటికి పంతొమ్మిది గడులు ఖాళీ. ఏమంటారు?" అన్నాడు మేనేజరు.

"చేయనివి ఖాళీగా ఉన్నాయి సార్. పక్కన కారణం రాసుంటుంది. చదివారా?"

"కారణాలు చదువుతూ కూర్చుంటే ఆసుపత్రి నడవదు కదమ్మా."

"అవి చదవకుండా ఎలా నడుపుతారా అనే నేనూ చూస్తున్నా సార్."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు ముఖం ఎర్రబడింది.

"మరి మిగతా వార్డులవి నిండుగా ఉన్నాయిగా?"

"ఉంటాయి సార్. అన్నీ చూసింది రికార్డు వాళ్లే. వాళ్లని అడగండి." అని అక్క నావైపు చూసింది. కోపంగా కాదు. స్కూలు గేటు దగ్గర నిలబడి, పరీక్ష ఎలా రాశావురా అని అడిగేముందు చూసే చూపు.

"ఏమయ్యా, లెక్క సరిగ్గానే ఉందా?"

"ఉంది సార్. రెండుసార్లు కూడి చూశాను."

"చార్టుల్లో తేడాలేమైనా కనపడ్డాయా?"

బల్ల మీద నీళ్ల గ్లాసుల కింద తడి గుండ్రాలు ఉన్నాయి. వాటిని చూస్తూ చెప్పాను.

"లేవు సార్."

మెట్లు దిగేటప్పుడు అక్క నా పక్కనే నడిచింది. "అన్నం తిన్నావా?" అంది. తిన్నానన్నాను. తినలేదు.

ఆ నెలాఖరుకు ఆమెను ఎముకల వార్డునుంచి తీసి కట్ల గదికి వేశారు. మరుసటి నెల ఎముకల వార్డుకు నూటికి నూరు వచ్చింది. నా చేత్తోనే వేశాను. ఆరు నెలల్లో అక్కడ పడకపుండ్లు తొమ్మిది. అవీ నా చేత్తోనే రాశాను. నా ఉద్యోగం ఖాయమైంది. అక్క నాకో కొత్త చొక్కా కొనిచ్చింది.

రెండేళ్లు ఆదివారం ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. చెప్పాలనే వెళ్లేవాణ్ని. ఒకసారి అక్క బటన్లు కుడుతుండగా మొదలుపెట్టాను కూడా.

"అక్కా, ఆ రోజు మీటింగులో..."

"ఏ మీటింగురా?" అని దారం పళ్లతో తెంపింది.

అంతలో బావ వచ్చాడు. "ఇంట్లో కూడా మీటింగులేనా? అయితే నన్నూ కట్ల గదికి బదిలీ చేయించండి, కూర్చుని తింటాను" అన్నాడు. అక్క నవ్వింది. నేనూ నవ్వాను. హమ్మయ్య అనుకుని నవ్వాను.

అక్క పోయిన రెండు వారాలకు కళ్లజోడు నర్సు రికార్డుల గదికి వచ్చింది. ఇప్పుడు ఎముకల వార్డు ఇన్‌ఛార్జి తనే. కట్ల గదిలో మిగిలిన అక్క వస్తువులు ఒక సంచీలో తెచ్చింది. కత్తెర, చొక్కాకు గుచ్చుకునే గడియారం, ఒక జత చెప్పులు. సంచీ బల్ల మీద పెట్టి నిలబడిపోయింది.

"సార్, ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా. అప్పట్లో పై వార్డు చార్టు ఒకటి ఇక్కడ పెట్టాను. పదింటికి మా దగ్గరికి పంపిన పేషెంటుది. సాయంత్రందాకా టిక్కులు ముందే పెట్టేసి, ఆయనతో పాటే పంపారు. అది మీకు అందిందా?"

"మీరా పెట్టింది?"

"పెద్దక్కే ఇచ్చింది. కట్ట లోపల దూర్చకు, పైన పెట్టు, వాడు పైనుంచే మొదలుపెడతాడు అంది. మీరే మేనేజరుకి చూపించొచ్చుగా పెద్దక్కా అన్నాను. వాడి పని వాణ్ని చేయనీ అంది."

సొరుగు తాళం నా జేబులోనే ఉంది. చార్టు ఇంకా అడుగునే ఉంది. మొదటిసారి ఒకరికి చెప్పాను.

"అందింది. చూశాను."

ఆమె కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. మళ్లీ పెట్టుకుని కూడా నావైపు చూడలేదు.

"అలాగా... మీటింగయ్యాక పెద్దక్క నన్నడిగింది సార్, పైనే పెట్టావా అని. పైనే పెట్టానన్నాను. నేను చాలా బాధపడ్డాను, నావల్లే ఇలా అయిందేమోనని. అప్పుడు తనే అంది, ‘వాడు చూసుండడు. ఆ గదిలో ఫ్యాను గాలికి ఎగిరిపోయి ఉంటుంది’ అని."