బొట్టు పెట్టిన డ్రమ్ము

నిన్న పొద్దున మా నల్లగండ్ల అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ భార్య ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు ముంచి చంటిపిల్లకు స్నానం చేయిస్తోంది. ఆ డ్రమ్ముకు కుంకుమ బొట్టు పెట్టి ఉంది. ఎవరింట్లోనైనా కనిపించేదే. కానీ కూరగాయల సంచీతో వస్తున్న నాకు కాళ్లు అక్కడే ఆగిపోయాయి, ఆ డ్రమ్ము ఎక్కడిదని అడిగేశాను, అడిగి ఊరుకోక వంగి వాసన కూడా చూశాను. వంటనూనె వచ్చిన డ్రమ్మట. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. యాభై దాటిన మనిషికి ఇదేం చాదస్తమని అనుకుని ఉంటుంది, అనుకోనీ. నిజానికి వాసన చూడటం తెలివితక్కువ పనే, ఎందుకంటే నేను భయపడేదానికి వాసన ఉండదు.

తొంభైల చివర ఈ వైపు తిరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మాదాపూర్‌లో గాజు భవనాలు అప్పుడప్పుడే లేస్తుండేవి, వాటి కోసం బండలు పేల్చినప్పుడల్లా మా టేబుళ్ల మీది గాజుసీసాలు గలగలమనేవి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి కాకినాడ నుంచి వచ్చిన నాకు, గోపన్‌పల్లి అవతల రేకుల షెడ్డులో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. అక్కడ మేం వాడే వాటిలో డైమిథైల్ సల్ఫేట్ అనే ద్రవం ఒకటుండేది. చూడటానికి అచ్చం నీళ్లే. ఒంటిమీద పడినా, ఆవిరి పీల్చినా అప్పటికప్పుడు ఏమీ అనిపించదు, మనం ఇంటికి పోయి అన్నం తిని కబుర్లు చెప్పుకుంటుండగా ఆరేడు గంటల తర్వాత కళ్లు వాచి, ఒళ్లు బొబ్బలెక్కి, గొంతు పూడుకుపోతుంది, మరీ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషే పోతాడు. పులి అయినా గాండ్రిస్తుంది, దీనికి ఆ మర్యాద కూడా లేదు.

మా చీఫ్ కెమిస్టు గారు, మేం పెద్దాయన అనేవాళ్లం, ఆ ద్రవం మొహమే చూడకుండా అదే మందు చేయాలని ఒక మూల ఒంటరిగా తంటాలు పడుతుండేవారు. దాని బదులు డైమిథైల్ కార్బొనేట్ అనే సాధు పదార్థం వాడవచ్చని విదేశీ పత్రికల్లో చదివారు. దానికి వేడి ఎక్కువ కావాలి, సమయం ఎక్కువ కావాలి, పైగా సగంసార్లు సరుకు సరిగ్గా వచ్చేది కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేది ఆయన రోజూ చదివే మంత్రం. యజమాని విసుక్కునేవాడు, కుర్రకెమిస్టులం మేం చాటున నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను, దాచుకోవడమెందుకు.

ఆ ద్రవం నీలం డ్రమ్ముల్లో వచ్చేది. ఖాళీ అయ్యాక వాటిని అమోనియా నీళ్లతో మూడుసార్లు కడిగితే గాని అందులో విషం చావదు. కడిగిన డ్రమ్ములను పనివాళ్లు నీళ్లకని అడిగి తీసుకుపోయేవాళ్లు, నీటికి అంత కటకటగా ఉండేది ఆ రోజుల్లో. అసలు ఇవ్వకూడదన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. లేబుళ్లు చదవలేని వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, కడిగిన డ్రమ్ముకు కుంకుమ బొట్టు పెడదామని నేనే చెప్పాను. బొట్టు ఉంటే తాకవచ్చు, లేకపోతే తాకకూడదు. చిన్న వయసులో ఎంత మంచి ఉపాయం తోచిందని లోలోపల తెగ మురిసిపోయాను.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. కెమిస్టుల్లో ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి పసుపు కుంకుమల పళ్లెం నా చేతికిచ్చారు. మోటార్లకు, తక్కెడకు, తలుపులకు, ఆ ఊపులోనే మూలనున్న మూడు డ్రమ్ములకు కూడా భక్తిగా బొట్లు పెట్టుకుంటూ పోయాను. ఆ మూడూ ఖాళీవే, కానీ ఇంకా కడగనివి. నా చెయ్యి పెట్టింది, నా బుర్రకు తట్టలేదు.

ప్రసాదాలు తీసుకుని అందరూ మధ్యాహ్నానికే వెళ్లిపోయారు. షెడ్డుకు తాళం వేయబోతూ చూస్తే మూలన రెండే డ్రమ్ములున్నాయి. వాచ్‌మన్‌ను అడిగితే మా దగ్గర ఊడ్చే అక్క పట్టుకుపోయిందన్నాడు.

“బొట్టున్నదే చూసి తీస్కపోయింది మేడం. బిడ్డ కాన్పయింది గద, పసిపిల్లకు నీళ్లు పోయనీకి డ్రమ్ము లేదన్నది.”

పరుగెత్తుకెళ్లి నేను చేసింది పెద్దాయనకు చెప్పాను. ఆయన ఇంకా బయలుదేరలేదు కాబట్టి సరిపోయింది. తీసుకుపోయి ఎంతసేపయిందని మాత్రం అడిగి స్కూటరు తీశారు. దారి పొడవునా అక్క మనవరాలు, ఆ రోజుల పిల్ల ఒంటిమీద ఆ నీళ్లు జారుతున్నట్టే కనిపించింది. దేవుణ్ణి తలుచుకుందామంటే నోరు రాలేదు, ఆయన పూజలోనే కదా నేనీ పని చేసింది.

అక్కది పాలమూరు వైపు. భర్త గాజు భవనాల దగ్గర రాళ్లు మోసేవాడు. నల్లగండ్ల బండల కింద వరసగా ఉన్న గుడిసెల్లో వాళ్లదొకటి. మేం వెళ్లేసరికి అక్క గుడిసె ముందు కూర్చుని, చెయ్యి భుజం దాకా డ్రమ్ములో పెట్టి బూడిదతో తోముతోంది. పండగని నీళ్ల ట్యాంకరు ఇంకా రాలేదట, గుడిసెల వాళ్లంతా ట్యాంకరు వాణ్ణి తిట్టిపోస్తున్నారు, నేను మాత్రం ఆ రాని ట్యాంకరుకు మనసులో దండం పెట్టుకున్నాను. పసిపిల్లకు ఇంకా స్నానం కాలేదు.

“ఏంది మేడం, గిట్ల ఉరికొచ్చిండ్రు?” అంది అక్క. చెయ్యి మండుతోందా అని అడిగాను. “మంట లేదు, ఏం లేదు. జర సల్లగున్నది అంతే. ఎందుకు పరేషాన్ అయితరు?”

ఆ మాటతో నాకు ఏడుపొచ్చేసింది. చేతికి మంట లేకపోవడమే నా భయమని ఆమెకెలా చెప్పను? ఉన్న రెండు బిందెల నీళ్లూ ఆమె చేతిమీదే కుమ్మరించి, సబ్బుతో రుద్ది, బతిమాలి దవాఖానాకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు ఆ ద్రవం పేరే వినలేదు, పెద్దాయన కాగితం మీద రాసిచ్చారు. ఆ తర్వాత గంటల తరబడి ఎదురుచూడటమే. ఏమీ కాలేదు, పసిపిల్ల ఏడుస్తుంటుంది, ఇంటికి పోతానని అక్క నవ్వుతూనే ఉంది. నేను ఆమె కళ్లవంకే చూస్తూ కూర్చున్నాను. చీకటిపడే వేళకు అవి ఎర్రబడటం మొదలైంది, తర్వాత చేతినిండా బొబ్బలు లేచాయి, గొంతు పోయింది. తెల్లవార్లూ ఆమె తీసే ఒక్కొక్క ఊపిరినీ వింటూ, ఇదే చివరిదేమో అనుకుంటూ ఆమె పక్కనే కూర్చున్నాను.

అక్క బతికింది. ఇరవై ఒకటో రోజు పసిపిల్లను తొట్టెలో వేసినప్పుడు మాత్రం కట్టుకట్టిన చేత్తో దూరంగా నిలబడింది. పిల్లనెత్తుకోమని అందరూ అంటే వద్దని తల ఊపింది. తర్వాత నా దగ్గరికొచ్చి, “నా తప్పే మేడం, మిమ్ములను అడగక తెచ్చుకుంటి,” అంది, ఇంకా బొంగురుపోయిన గొంతుతో.

నేను కాదనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది, ఉద్యోగం పోతుందనీ, చుట్టూ ఉన్నవాళ్లు మీద పడతారనీ భయమేసి మింగేశాను. పెద్దాయనకు తెలుసు, ఆయనా ఎవరికీ చెప్పలేదు. మర్నాటి నుంచి నేను ఆయన మూలకే చేరిపోయాను. ఏడాదికి పైగా ఓడిపోతూ, మళ్లీ మొదలుపెడుతూ చివరికి సాధు పదార్థంతోనే సరుకు తీశాం, ఆ నీలం డ్రమ్ములు మా గేటు లోపలికి రావడం మానేశాయి. కానీ ఆ ముచ్చట చూడటానికి అక్క లేదు. గాజు భవనాల పని అయిపోయాక గుడిసెలన్నీ లేపేస్తే ఎటుపోయారో తెలియదు.

ఆ బండలిప్పుడు లేవు. గుడిసెలున్న చోటే మా అపార్ట్‌మెంటు లేచిందని నా అనుమానం. ఈమధ్య ఒక కుర్రకెమిస్టును ఆ ద్రవం గురించి అడిగితే, పుస్తకంలో చదివానండీ, ఎప్పుడూ చూడలేదన్నాడు. అతను భయపడనక్కర్లేని రోజొచ్చినందుకు సంతోషించాను. నా భయం మాత్రం నాతోనే ఉండిపోయింది. ఆ పసిపిల్లకు ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి, ఈ గాజు భవనాల్లోనే ఎక్కడో పనిచేస్తోందేమో కూడా. వాళ్ల అమ్మమ్మ చేతికి ఆ మచ్చలెలా వచ్చాయని అడిగితే, అక్క తన తప్పేనని చెప్పి ఉంటుంది.