గడియారం పక్కన మాయమైన సౌండు గుర్తు

కంప్యూటరు డబ్బా మూత విప్పితే చాలు, మా గోపాలపట్నం ఇల్లంతా కాలిన దుమ్ము వాసన. ఈమధ్య ఆ వాసనలోనే వంట, ఆ వాసనలోనే భోజనం. రిపేరు షాపువాడు విండోస్ కొత్తగా వేసి ఇచ్చిన దగ్గర్నుంచీ, తెర కింద మూలన గడియారం పక్కన ఉండాల్సిన సౌండు గుర్తు లేదు. బొమ్మ వస్తుంది, చప్పుడు రాదు. అడిగితే, "పాత బోర్డు కదమ్మా, ఆడియో డ్రైవరు దొరకదు, కొత్త సిస్టమ్ కొనీండి" అని చేతులు దులుపుకున్నాడు.

నాకు కావలసింది సిస్టమ్ కాదు, మా నాన్న పాట. నాన్న పద్మనాభం ఊళ్లో ఉన్న రోజుల్లో తప్పెటగుళ్ల జట్టులో ఆడేవాడు. గుండెకి రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు, గొంతులో పాట. ఆ జట్టు పాడినదాన్ని తమ్ముడు రాము క్యాసెట్టులోంచి ఈ కంప్యూటర్లోకి ఎక్కించాడు. పెద్ద స్పీకర్లు పెడితే నాన్నకి వినపడేది. ఆ స్పీకర్ల తీగ ఫోనుకి పట్టదు. ఫోన్లోనే పెట్టి చెవికి ఆనిస్తే, "దోమ పాడతన్నట్టుందే" అన్నాడు. ఆయనకి వినికిడి రోజురోజుకీ తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోగా ఆ పాట ఒక్కసారి వినిపించాలన్నదే నా ఆరాటం.

అసలు మేం పెరిగిందే చప్పుడు లేని ఇంట్లో. హార్బరు వైపు ఓడల రేకులు సుత్తులతో కొట్టి సాపు చేసే షెడ్డులో నాన్నకి రాత్రి పని. పగలంతా నిద్ర. ఒక్క గది ఇల్లు, అందులో ఆయన మంచం. వేసవి మధ్యాహ్నాలు చింతగింజలు దుప్పటి మడతల మీద వేసి ఆడుకునేవాళ్లం, గెలిచినవాళ్లు నోరు మూసుకుని గెంతాలి. వానాకాలం కప్పు కారితే, చినుకు టంగుమనకుండా అమ్మ గిన్నెలో పాతగుడ్డ వేసేది. పండక్కి గారెల పప్పు పక్కింటివాళ్ల రోట్లో రుబ్బుకొచ్చేది. ఎండుచేపలమ్మే మనిషి కేక వేయకముందే వీధి మొగకి ఎదురెళ్లి బేరం చేసేది. ఇక రేడియో. దాని సౌండు తిప్పే బిరడా పీకి, కొంగున ముడేసుకుని తిరిగేది అమ్మ. "ఓలే అమ్మా, ఒక్క పాటే" అని కొంగు పట్టుకుంటే, "మీ నాన్న లెగిసాక నీ ఇష్టమొచ్చినట్టు తిప్పుకో" అనేది. నాన్న లేచేసరికి మా పాటల టైమైపోయేది. అప్పుడు కనీసం బిరడా ఎక్కడుందో తెలిసేది. ఈ కంప్యూటరు దాన్ని ఏ కొంగులో ముడేసిందో తెలిసి చావడం లేదు.

తమ్ముడు తగరపువలస నుంచి ఫోన్లో పాఠం చెబుతాడు.

"అప్పా, డివైస్ మేనేజరు తెరిసావా? ఏటి కనపడతంది?"

"పసుప్పచ్చ గుర్తొకటి."

"అదే. దాని మీద రైట్ క్లిక్ కొట్టి అప్‌డేట్ అను."

"అన్నాన్రా. దొరకలేదంటంది. మూసి తెరిసాను, తీగ పీకి పెట్టాను. ఇంక నాను సేయనిది దిష్టి తియ్యడమే."

"అదీ తీసీ అప్పా, పోయేదేటుంది."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చదువుకున్నదాన్ని కాదు. బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే ఫోన్లో వాడికి వినిపిస్తే, వాడు నెట్లో వెతికి పంపిన డ్రైవర్లన్నీ ఈ బోర్డుకి పనికిరానివే. చివరికి వాడే అడిగాడు, కొన్నప్పుడు బోర్డుతో ఇచ్చిన సీడీ ఏదని. గుర్తొచ్చింది. మా వీధిలో అందరిలాగే మేమూ, మేడ మీద ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలకుండా సీడీలు దారాలకి కట్టాం. ఎక్కి చూస్తే దండెం నిండా సీడీలు. ఒక్కొక్కటీ తిప్పుతూ, బోర్డు పేరున్నదాన్ని విప్పి తెచ్చాను. చేపల వాసన, ఉప్పు మరకలు, గీతలు. సబ్బునీళ్లతో తుడిచి పెడితే కంప్యూటరు ఉమ్మేసింది. మళ్లీ తుడిచి పెడితే గరగరా తిరిగి తిరిగి, ఎట్టకేలకు పట్టుకుంది.

సౌండు గుర్తు వచ్చి కూర్చుంది. పాట పెట్టాను. గజ్జెలు, రేకు తప్పెటలు, వాటి మీద నాన్న వయసులో ఉన్నప్పటి గొంతు. కిటికీ అద్దాలు అదిరాయి. ఎదురింటి గుమ్మంలోంచి ఎవరో తొంగి చూశారు.

నాన్న కుర్చీలో ముందుకి వంగి, తెర వైపే చూస్తున్నాడు. గుర్తుని పైకంటా లాగాను. ఇంకా లాగడానికి చోటు లేదు.

"ఇంకా బాగవలేదేటమ్మా?" అన్నాడు.

స్పీకరు మీద చెయ్యి వేసి చూశాను, అదురుతూనే ఉంది.

"పాత మిషినమ్మా. దాని మీద కోప్పడి ఏటి లాభం? వదిలీ."

ఆ షెడ్డు మూసేశారు. అమ్మ లేదు. ఆ జట్టులో మిగిలినవాడు ఈయనొక్కడే. "రేపు మళ్లీ సూస్తాను నాన్నా" అని చేత్తో సైగ చేసి, ఆయన పక్కనే కూర్చున్నాను, పాట అయిపోయేదాకా ఒక్కదాన్నే వింటూ.