చిన్నాయన అరిచిన ‘సేపు’

మొన్న మనవరాలితో కర్నూలుకు పోతుంటే, ఓర్వకల్లు దాటాక ఒక లారీ మా బస్సుకు దారివ్వకుండా నిదానంగా ముందు పోతూ ఉంది. నాకు మోకాళ్ల నొప్పులు వచ్చిన తర్వాతే అక్షరాలు వచ్చాయి. అందుకే వాటి మీద ఆశ ఎక్కువ. గోడ మీదివి, డబ్బా మీదివి, దేన్నీ చదవకుండా వదలను. లారీ వెనుక ‘సేఫ్ జర్నీ’ అని ఉంటే కూడబలుక్కుని చదివి, సేఫ్ అంటే ఏమే అని అడిగాను. ‘‘భద్రంగా అని, అవ్వా’’ అంది. ఆ మాట నాకు లంగా కట్టుకునే వయసు నుంచీ తెలుసు. అయితే అది ‘సేపు’ అనుకుంటూ ఇన్నాళ్లూ బతికాను.

నందికొట్కూరు దాపున మా ఊళ్లో మిషన్ కాంపౌండు ఉండేది. అక్కడి దొర అమెరికా నుంచి వచ్చినవాడు. శనివారం సాయంత్రాలు పిల్లా పెద్దా మగవాళ్లందరిచేతా బేసుబాలు ఆడించేవాడు. గోనెసంచుల్లో ఇసుక నింపి మూలమూలకూ పెట్టేవారు. బంతిని కట్టెతో కొట్టి సంచి నుంచి సంచికి పరిగెత్తాలి. బంతి ముందు చేరితే అంపైరు ‘ఔట్’ అంటాడు, మనిషి ముందు చేరితే ‘సేపు’ అంటాడు. అంటే కాసేపు అక్కడే నిలబడమని ఊరంతా అర్థం చేసుకుంది. ఆడేవాళ్లు నిజంగానే నిలబడేవాళ్లు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అంపైరుగా ఉన్న అయ్యవారిని వేంపల్లె బడికి మార్చారు. దొర చూపు మా చిన్నాయన మీద పడింది. చిన్నాయన రెడ్డిగారి తోటలో కపిల తోలేవాడు. ఎద్దులతో బావి నీళ్లు తోడేటప్పుడు ఆయన వేసే కేక చర్చి గంటకంటే దూరం పోయేది. మైదానంలో ఒకేసారి మూడు ఆటలు జరిగేవి: చిన్నపిల్లలది ఒకటి, బోర్డింగు పిల్లలది ఒకటి, పెద్దవాళ్లది ఒకటి. ‘‘ఏ ఆటకు అంపైరుగా ఉంటావో నీ ఇష్టం, ఆదివారం ఆరాధన అయినాక చెప్పు’’ అన్నాడు దొర. పాపం ఆయనకు అది చిన్న ప్రశ్న. మా ఇంట్లో వారమంతా అదే కూడైంది, అదే కూరైంది.

బోర్డింగు ఆట ముందే పోయింది. ఆ పిల్లలు ప్రతిదానికీ ఆట రూల్సున్న ఇంగ్లీషు పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపిస్తారు; చిన్నాయనకు ఏ భాషలోనూ చదువు లేదు. మిగిలినవి రెండు. పెద్దాటలో రెడ్డిగారి చిన్నకొడుకు ఆడేవాడు, కర్నూలులో చదువుకుంటూ సెలవులకు వచ్చి. మా నాయనకు అదే కావాలి. ‘‘మనోడు చెయ్యెత్తితే రెడ్డి కొడుకు బయటికి నడవల్ల. ఇట్లాటిది ఈ ఊళ్లో ఎన్నడన్నా జూస్తిమా?’’ అని మురిసిపోయేవాడు. చిన్నమ్మ రొట్టె తట్టడం ఆపి, ‘‘చిన్నపిల్లోడు ఔటైతే ఏడ్సుకుంటా ఇంటికి పోతాడు. రెడ్డి కొడుకు ఔటైతే మన పొయ్యి ఔటైతాది. సూసుకోప్పా’’ అనేది, చిన్నాయనతో కాదన్నట్టు మా నాయన వైపు చూస్తూ.

శనివారం దొర చిన్నాయనను పెద్దాటలో నిలబెట్టి చూశాడు. చిన్నరెడ్డి కొట్టి పరిగెత్తాడు. బంతి ముందు చేరింది, అందరూ చూశారు. చిన్నాయన చెయ్యి ఎత్తి ‘‘ఔట్!’’ అని అరిచాడు. అరిచాక తానేం చేశాడో అర్థమైనట్టుంది, ఎత్తిన చెయ్యితోనే నమస్కారం చేసి, ‘‘ఔటైతిరి చిన్నరెడ్డీ, దయచేయండి సామీ’’ అన్నాడు. మైదానం ఘొల్లుమంది. చిన్నరెడ్డి కూడా నవ్వి, ‘‘ఇంత మర్యాదగా పంపితే పోకుండా ఎట్లుంటాప్పా’’ అంటూ నడిచి వెళ్లిపోయాడు. మంచి పిల్లవాడే.

కానీ తెల్లారి మేము చర్చికి బయల్దేరుతుంటే రెడ్డిగారి జీతగాడు వచ్చాడు. ‘‘రేపట్నుంచి కపిలకు రావద్దంట. పెద్దరెడ్డి నిన్ను ఔట్ అన్నాడు’’ అని చెప్పి, నవ్వాలో వద్దో తెలియక గోడ చూస్తూ నిలబడ్డాడు. మా నాయన ఎగిరిపడ్డాడు. ‘‘ఇప్పుడు వదిలితే భయపడినాడంటారు. పెద్దాటే అని చెప్పు పో!’’ అన్నాడు.

ఆరాధన అయ్యాక చిన్నాయన దొర ముందు తలపాగా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ‘‘చిన్నాట ఇయ్యండి దొరా. ఒకటే మాట, ఆడపిల్లోళ్లను గూడా ఆడనియ్యల్ల’’ అన్నాడు. దొర దొరసాని వైపు చూశాడు. ఆమె తల ఊపింది. మా నాయన తమ్ముడి కోసం ఆగకుండా విసవిసా ఇంటిదారి పట్టాడు. నేను చిన్నాయన చెయ్యి పట్టుకుని, భయపడినావా అని అడిగేశాను.

‘‘భయం ఉండాది పాపా. ఇప్పుడే గదా చర్చిలోనుంచి వస్తిమి, అబద్ధమెట్ల చెప్పేది? అయినా పెద్దోళ్లను ఔటనేకి ఎవరైనా దొరుకుతారు. మీకు సేపు అని గట్టిగ అరిసేటోడు కావల్ల.’’

నెల తిరగకముందే కపిలకు మళ్లీ పిలుపు వచ్చింది. పెద్దాట వదిలేసినందుకే అని మా నాయన చివరిదాకా సణిగాడు. ఎద్దులకు వేరేవాళ్ల గొంతు పడలేదని చిన్నాయన అనేవాడు. ఏది నిజమో నాకు తెలియదు.

నాకు తెలిసింది ఒక్క శనివారం. లంగా ఎగదోపి, కట్టె పట్టుకుని, కళ్లు మూసుకునే కొట్టాను. ఎట్లా పరిగెత్తానో, సంచి మీద బోర్లా పడ్డాను, నోటినిండా మట్టి. వెనకనుంచి మగపిల్లలు ‘‘ఔట్, ఔట్’’ అంటున్నారు. వాళ్లందరి మీదుగా కపిల కేక ఒకటి లేచింది: ‘‘సేపూ!’’

నేను లేచి నిలబడి, ‘‘ఎంత సేపు చిన్నాయనా?’’ అని అడిగాను.

‘‘ఇంగొకరు కొట్టేదాకా ఉండు పాపా. అంతదాకా నిన్ను ఈడనుంచి ఎవరూ కదిలించల్యారు.’’

ఊరి వైపు పొద్దు వాలుతోంది. కాళ్ల కింద ఇసుక సంచి వెచ్చగా ఉంది. మా ఇంట్లో ఆడది ఎవరైనా అట్లా ఒక చోట ఊరికే నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు.

మనవరాలు చెప్పిన అర్థమే సరైనది కావచ్చు, చదువుకున్న పిల్ల. కానీ ఎవరికైనా భద్రంగా ఉండటమంటే కాసేపే కదా. మా ఊరు ఆ మాటను తప్పుగా విన్నదంటే నేను ఒప్పుకోను.