అత్త గోడకు సున్నం, నా ఎలుగుబంట్లకు ఎండ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. (ఇప్పుడు తెలిసినవి వెతుక్కోవాలి.) బీఎస్సీ పాసై, కన్నడ సీమలోని తెక్కలకోటలో మేనత్త ఇంట్లో తింటూ, ఒక ప్రైవేటు బడిలో సైన్సు సారుగా వెలగబెడుతున్నాను. గోడ మీది నాచులో కంటికి కనబడని నీటి ఎలుగుబంట్లు ఉంటాయనీ, ఎంత ఎండిపోయినా చుక్క నీళ్లు పడితే లేచి నడుస్తాయనీ పిల్లలకు గొప్పగా చెప్పాను. నిజం ఎలుగుబంట్లే గుట్టలు దిగి పొలాల్లోకి వచ్చే జిల్లా మాది. మర్నాడే తల్లిదండ్రులు "కొత్త సారు బిడ్డల్ని బెదిరిస్తాండాడు" అంటూ బడి సెక్రెటరీ దగ్గర కూర్చున్నారు.

సెక్రెటరీది బియ్యం మిల్లు. వడ్ల తేమ చూసే మిషను తప్ప మరో యంత్రాన్ని నమ్మిన మనిషి కాదు. "ఆదివారం మీ ఇంటికే వస్తా. ఆ గోడా, ఆ ఎలుగుబంట్లూ చూపించల్ల. లేకుంటే సోమవారం నుంచి నువ్వు రావద్దప్పా" అన్నాడు.

ఆ ఎండల ఊళ్లో నాకు తెలిసి నాచు పట్టిన గోడ ఒకటే. అత్త స్నానాలగది వెనక, ట్యాంకు కారే చోట. సెక్రెటరీ మన గోడ చూడ్డానికి వస్తున్నాడని అత్తకు నేనే చెప్పాను, నా హోదా పెరుగుతుందని. పెరిగింది కూడా. ఆదివారం పొద్దున బడి నుంచి మైక్రోస్కోపు మోసుకొచ్చేసరికి గోడ తెల్లగా మెరిసిపోతోంది.

"ఏందత్తా ఇది!"

"పెద్దమనిషి చూసేకి వస్తాంటే పాచి గోడ చూపిస్తారా? మన మర్యాద యాడుంటాది? నిన్ననే గీకి దిబ్బ మీద పారేస్తి, ఈ పొద్దు సున్నం కొట్టిస్తి. ముగ్గు గూడా ఏస్తి, చూడు!"

అన్నీ చచ్చిపోయాయని కూలబడ్డాను. ఎండినా చావవని తరగతిలో గొంతు చించుకున్న మహా శాస్త్రవేత్తను నేనే. దిక్కులేక, దిబ్బ మీద కరకరలాడుతున్న ఆ నాచునే ఏరి తెచ్చి నానబెట్టాను. సెక్రెటరీ వచ్చి, ముందు గోడను మెచ్చుకుని, అత్త పెట్టిన ఓళిగలు తీరిగ్గా తిని, చివరికి కన్ను పెట్టాడు. కన్ను మార్చి మళ్లీ చూశాడు. నా ఉద్యోగం ఆ మైక్రోస్కోపు గొట్టం చివర వేలాడుతోంది.

"అయ్యో, కరడి మరి!" అని కన్నడంలో కేకపెట్టాడు. ఎలుగు పిల్ల అన్నమాట. అత్త కూడా చూసి, "పాపం, ఆ ఎండకు ఎట్ల తట్టుకునెనో" అని నొచ్చుకుంది. నా ఉద్యోగం నిలిచింది. (సెక్రెటరీ మాత్రం ఊరంతా అత్త గోడ గురించే చెప్పాడు.)

మొన్న మా బడికి అధికారులు వస్తున్నారన్నారు. నా ల్యాబు కిటికీలో, పిల్లలకు చూపించడానికని ఏళ్లుగా నేనే నీళ్లు చల్లి పెంచుతున్న నాచు కుండీ ఉంది. పెద్దమనుషుల ముందు బాగుండదని పీచు పట్టుకుని గీకడం మొదలుపెట్టాను. సగం గీకాక అత్త గుర్తొచ్చింది. ఆమె పోయి చాలాకాలమైంది. మిగిలిన సగం ముందు నిలబడి, కళ్లు తుడుచుకుంటూ ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఆమె ఉంటే ఆ సగం కూడా వదలనిచ్చేది కాదు.