చీనీ తోటల పనికి ఎత్తని చెయ్యి

సారు పోయారన్న కబురు పాత ఆఫీసు గ్రూపులో చూశాను. దండం పెట్టే బొమ్మలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. నేను మాత్రం ఏమీ పెట్టలేదు. పెట్టడానికి నాకు మొహం లేదు.

హైదరాబాదులో కన్సల్టింగ్ కంపెనీలో చేరినప్పుడు నా మొదటి మేనేజరు ఆయనే. ప్రొద్దుటూరు మనిషి. క్లయింటును కూడా "ఏందప్పా" అనే పలకరించేవారు. మీటింగు మధ్యలో బ్యాగులోంచి చీనీకాయ, అదే బత్తాయి, తీసి, ఒలిచి, తొనలు అందరికీ పంచేవారు. ఆఫీసు పిల్లలు చాటున ఆయన యాసను అనుకరించి నవ్వితే నేనూ నవ్వేవాణ్ని. నాదీ ఆ పక్కనే, జమ్మలమడుగు. అందరికీ హైదరాబాదని చెప్పుకుని మాట కూడా మార్చుకున్నాను. నా దరఖాస్తు చూసిన మనిషి కాబట్టి సారు ఒక్కరికే అసలు సంగతి తెలుసు.

మా చీనీ చెట్లు బోరెండి నిలువునా మాడిపోవడం చూసి పెరిగినవాణ్ని. తోటల నీళ్ల మీద పనిచేయాలన్నదే నా కోరిక. తీరా దొరికింది ఒక ఆసుపత్రి పార్కింగుకు స్లైడ్లు చేసే పని. సణుగుతుంటే సారు అన్నారు:

"అడగందే అమ్మైనా పెట్టదప్పా. కావాల్సిన పనిని పేరు పెట్టి అడుగు. 'ఏదైనా పర్లేదు సార్' అంటే అందురూ వద్దన్నదే నీకొస్తాది. ముందు ఆ పార్కింగు పని శుద్ధంగా చెయ్యి. రేపు నిన్ను పిలిచేటోడు దాన్నే చూస్తాడు."

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఆ మాటలు దాచుకోండి. నేను సగమే విన్నాను.

పార్కింగు పని బాగా చేశాను. ఆ తర్వాత మా వైపే, తొండూరు చీనీ తోటల నీటి ప్రాజెక్టు వచ్చింది, పులివెందులలో మకాం. మీటింగులో పెద్ద బాసు అడిగాడు, "ఆ వైపు మనుషులు, మాట తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" సారు నా వైపు చూశారు. చెయ్యెత్తితే నా ఊరు బయటపడుతుంది. లాప్‌టాప్‌లో తల దూర్చాను. సారు తన చెయ్యే ఎత్తారు.

"నేను పోతా సార్. సాయానికి ఈ పిల్లోణ్ని ఇయ్యండి."

అందుకోసం తనకు ఖాయమైన బ్యాంకు ప్రాజెక్టు వదులుకున్నారని తర్వాత తెలిసింది.

తొండూరులో ఒక రైతు నన్నడిగాడు, "నీదేవూరు నాయనా?" సారు పక్కనుండగానే "హైదరాబాదండీ" అన్నాను. సారు తాను ఒలుస్తున్న కాయలో సగం నా చేతిలో పెట్టి, "నీళ్ల సంగతి అడుగప్పా" అన్నారు, అంతే. ఆ ప్రాజెక్టుతోనే నాకు పేరొచ్చింది. ఇప్పుడు తింటున్న అన్నం ఆ పేరుదే. ఆయనకు మనసారా ఒక్క కృతజ్ఞత మాట చెప్పుకోలేదు. చెప్పాలంటే ఆ అబద్ధం సంగతి ఎత్తాలి. సిగ్గుపడి ఊరుకున్నాను.

పెద్దకర్మకు ప్రొద్దుటూరు వెళ్లాను. సారు భార్యను చూడటం అదే మొదలు. పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"ఇంత దూరం వచ్చినావా అప్పా?"

"దూరమేముందక్కా, మాది ఈడే, జమ్మలమడుగు," అన్నాను.

ఆమె విస్తుపోయింది. "అదేంది! నీది హైదరాబాదని కదా ఆయన చెప్తాండె. ఇంట్లో నీ మాట వచ్చినప్పుడల్లా అట్లే చెప్తాండె."

తలెత్తలేకపోయాను. తొండూరు రైతులు పంపినారంటూ ఆమె గంపలోంచి ఒక చీనీకాయ తీసి నా చేతిలో పెట్టింది. జమ్మలమడుగు బస్సులో దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను, ఒలవలేదు. ఆయన ఒలిచి సగమిస్తే తినడమే నాకు అలవాటు.